ఒకటే హెల్మెట్

పనిచోట ప్రమాదాలు జరక్కుండా చూసుకోవడం ఎలాగో కార్మిక సంఘాల ప్రతినిధులకు నేర్పడం అప్పట్లో నా పని. ఆ రోజు చిట్యాలలో క్లాసు ముగించి నల్గొండ బస్సెక్కాను. ఒళ్లో పసుపుపచ్చ హెల్మెట్. ఉన్నది అదొక్కటే. క్లాసు చివర అందరూ వంతులవారీగా దాన్నే పెట్టుకుని ఫోటో దిగేవాళ్లు. ఆ ఫోటోలు ఫ్యాక్టరీలకు కూడా పంపేవాళ్లం.

పక్క సీట్లో ఉన్నామె దానివంకే చూసింది.

"మా ఆయన గూడ ట్రైనింగుల గిట్లాంటిదే పెట్టుకొని ఫోటో దిగిండు సారూ. దిగంగనే దాన్ని వాపస్ తీస్కున్నరట."

"ఇప్పుడెక్కడ పనిచేస్తున్నాడమ్మా?"

"నెత్తి మీద ఇనుప రాడ్ వడి పానం పోయింది. కంపెనీకి పోయి అడిగితే గా ఫోటోనే చూపిచ్చిండ్రు. హెల్మెట్ మేమిచ్చినం, ఆయనే పెట్టుకోలేదన్నరు. మా ఇంట్ల ఇంకో ఫోటో లేదు. దానికే దండేసినం."

ఆమె హెల్మెట్ తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూసింది.

"ఎవరిదో చెమట, ఇంక ఆరలే," అంటూ కొంగుతో తుడిచి, నా ఒళ్లో పెట్టి, నార్కట్‌పల్లిలో దిగిపోయింది.

వారం తర్వాత కల్వకుర్తిలో క్లాసు. చివర్లో అదే హెల్మెట్ చేతికిచ్చి, "జర నవ్వుండ్రి" అంటూ నేనే ఫోటోలు తీశాను.