కోట తాళాలాయన

కోట చేతులు మారినప్పుడల్లా తాళాలాయన చేసే పని ఒకటే. తాళాల గుత్తిని శుభ్రంగా తుడిచి కొత్త యజమాని చేతిలో పెడతాడు. ఆ యజమాని కాసేపు పట్టుకుని మళ్లీ ఆయనకే ఇస్తాడు. అంటే ఉద్యోగమూ, సింహద్వారం పక్కనున్న గదీ ఆయనవేనని. కాగితమూ లేదు, సంతకమూ లేదు. తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి.

పాత దొరగారి మనవడు అలాగే ఇచ్చాడు. ఆ మహానుభావుడు జల్సాలకి కోటని తగలేస్తే, కలప వ్యాపారి కొన్నాడు. అతగాడూ తాళాలు తిరిగిచ్చాడు, కాకపోతే దూలాలన్నీ ఊడబెరికి అమ్ముకున్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మ వచ్చి ఆసుపత్రి పెట్టింది. ఓపిక తగ్గి కోట అమ్మేసే ముందు తాళాలాయన్నీ, ఆయన భార్యనీ పిలిచింది.

"మీ గది మీ పేర రాసేస్తానయ్యా."

"రాయించుకోవయ్యా, నీకు పుణ్యముంటుంది," అంది భార్య, ఆశగా.

తాళాలాయన పకపకా నవ్వాడు. "విన్నారా అమ్మగారూ? కోటంతా నా చేతిలో ఉంటే దీనికి అగ్గిపెట్టంత గది కావాలట!"

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. భార్య గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

బేరం తెగేసరికి రెండేళ్లు పట్టింది. ఈసారి కొన్నది హోటల్ కంపెనీ. మేనేజరు గుత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "భలే ఉన్నాయే! అద్దాల బీరువాలో పెట్టిద్దాం," అని పక్కవాడికి అందించాడు. తాళాలాయన ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. పాపం మేనేజరుకేం తెలుసు? ఆ చేతిని పట్టుకుని ఊపాడు.

"థాంక్స్ పెద్దాయనా. గది ఈ వారంలో ఖాళీ చేసెయ్యండి."

సామాను బండెక్కింది. వెళ్లేది మరదలి ఇంటికి. తాళాలాయన భార్య వైపు తిరిగాడు.

"తప్పు నాదేనే. ఆ రోజు నీ మాట విని ఉంటే నిలువ నీడైనా ఉండేది."

"గది సంగతి వదిలెయ్," అంది ఆమె, మూట ముడి బిగిస్తూ. "నోరు తెరిచి ఒక్కటి అడిగితే పరాయి మనిషి ముందు నన్ను నవ్వులపాలు చేశావు. ఆ తర్వాత నిన్నేదీ అడగబుద్ధి కాలేదు."

నిజమే, అడగలేదు. అన్నాళ్లూ ఆయన మాత్రం, మా ఆవిడ బంగారం, నన్ను ఏదీ అడగదు అని కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.