హెర్బర్ట్ సారు కొట్టేసిన పేరు

మా హెర్బర్ట్ సారు ఒక పిల్ల పేరు కొట్టేశాడంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

నాంపల్లిలో మాది సర్కారు హైస్కూలు. నేను తెలుగు చెబుతాను, ఆయన ఆఫీసు క్లర్కు. మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పొద్దున రాగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు, తరువాతే కంప్యూటర్ తెరుస్తాడు. టీసీ కోసం వచ్చిన తల్లి ఎవరైనా నిలబడి ఉంటే తన కుర్చీ ఆమెకిచ్చి తాను నిలబడి రాస్తాడు.

పోయిన ఏడు మా పదో తరగతిలో ముప్పై ఒక్కరు. ఈ ఏడు ఇరవై నలుగురు. ఇంకా తగ్గితే బడిని వేరే బడిలో కలిపేస్తారని భయం. ఎక్కడెక్కడో లేని పిల్లల్ని ఉన్నట్టు రాసుకుంటున్నారని కూడా మాటలు వినబడేవి. సారుకు ఆ మాట వింటేనే దడ.

మోకాలి ఆపరేషనని ఆయన రెండు నెలలు సెలవు పెట్టాడు. ప్రైవేటు బడి మానేసిన ప్రణతి ఆ మధ్యే మా దగ్గర చేరింది. అక్క ప్రణవి ముందునుంచీ మా బడే. ఇద్దరూ కవలలు, అచ్చు ఒకటే ముఖం. తల్లి మొజంజాహీ మార్కెట్లో పండ్లు అమ్ముతుంది. నానమ్మ మంచం పట్టడంతో ఒకరోజు అక్క, ఒకరోజు చెల్లె ఇంటి దగ్గర ఉండేవారు.

సారు తిరిగొచ్చి జాబితా చూశాడు. ఇంటిపేరు ఒకటే, తండ్రి ఒకడే, పుట్టిన తేదీ ఒకటే. పేరులో చివరి అక్షరమే తేడా. తాను లేనప్పుడు లెక్క పెంచడానికి ఎవరో ఒకే పిల్లను రెండుసార్లు ఎక్కించారనుకున్నాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని అడగనూ లేదు. ప్రణతిని తీసేసి, పరీక్షల ఆఫీసుకు ఇరవై మూడు పేర్లు పంపాడు. హెడ్మాస్టర్ మేడం సంతకం పెట్టింది. సరిచూడమని ఆ కాగితం నా ముందుకూ వచ్చింది. నేనూ చూడలేదు.

హాల్‌టికెట్లు పంచే రోజు అక్కాచెల్లెళ్లు కలిసి వచ్చారు. సారు చేతిలో ఒక్కటే టికెట్. ఆయన ముఖం తెల్లబోయింది.

“ఇద్దరున్నరా మీరు?”

“ఔ సార్.”

“మరి నేను ‘ఏం ప్రణవీ’ అంటే పలుకుతుంటివి గద బిడ్డా?”

ప్రణతి తల వంచుకుంది. “మీరు ప్రేమగ పిలుస్తుండె. కాదంటే చిన్నబోతరని చెప్పలే సార్.”

“నా పేరుకు పలికి నువ్వు మంచిదానివైనవ్,” అని గొణిగింది అక్క.

సారు బీరువా తీసి ప్రణతి చేరినప్పటి కాగితాలు వెతికాడు. పరీక్షలకు ఇంకా నాలుగు రోజులే.

సారు, ప్రణతి, నేను ఆటోలో పరీక్షల ఆఫీసుకు పోయాం. అక్కడి సూపరింటెండెంట్ కాగితాలు తిరగేసి గొంతు తగ్గించాడు.

“సిస్టంల పోయిందని రాయుండ్రి సార్. మీ మీదికి రాదు.”

“గట్ల రాస్తే ఎన్నడయితది?”

“పైకి పోవాలె. పది దినాలు.”

“క్లర్కు తప్పని రాస్తే?”

“ఇయ్యాల్నే అయితది. కని మీకు మెమో వస్తది. రిటైర్మెంట్ ఎప్పుడు?”

“వచ్చే ఏడు.”

“జర ఆలోచించుండ్రి.”

“కండ్ల ముందట తిరిగే పిల్లను లేదని రాసిన. ఇంకేం ఆలోచించాలె సార్?”

తప్పు తనదేనని రాయబోయి సారు రెండు కాగితాలు పాడుచేశాడు. మూడోదానికి అంచు నేను పట్టుకున్నాను. సూపరింటెండెంట్ తన టీ కప్పు ప్రణతి ముందుకు జరిపాడు.

నాలుగింటికి హాల్‌టికెట్ వచ్చింది. ప్రణతి ఫోటో చూడలేదు, సెంటరు చూడలేదు. పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.

“సరిగనే ఉన్నది సార్.”

ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి మళ్లీ చదివాడు.