గురువారం మధ్యాహ్నం దాకా పొడి

వాతావరణ కార్యాలయంలో ఆయన్ని అందరూ ఖాయంగారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారం వారం రోజుల సూచన రాసేది ఆయనే. రేడియోకి వెళ్లే కాగితంలో ‘చల్లని గాలులు, చెదురుమదురు జల్లులు’ అని గోడమీద పిల్లివాటంగా రాసేవాడు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగితే మాత్రం ఏ రోజు ఏ పూట ఎలా ఉంటుందో విడమరిచి చెప్పి, చివర ‘ఖాయం’ అనేవాడు. అన్నమాట మార్చడం ఆయన ఇంటా వంటా లేదు. మంగళవారం పొడి అని చెప్పాక వాన పడితే, తప్పు మంగళవారానిదే.

ఇంత మొండివాడికి ఇంటికప్పులు వేసే బావమరిది దొరికాడు. పాత రేకులు విప్పి కొత్తవి బిగించడం అతని పని. విప్పడానికీ బిగించడానికీ మధ్య వాన కురిసిందా, కింద ఇల్లు చెరువే. అందుకే రేడియో వినడు, బావనే అడుగుతాడు. తనకి పని నేర్పి, ఇప్పటికీ తనతో కప్పులెక్కే ముసలి మేస్త్రితో, మా బావ మాటకి తిరుగులేదని గొప్పలు పోయేవాడు కూడా.

ఆ వారం చలి ముందే వచ్చింది. పొద్దున జల్లు, పదింటికి ఎండ, సాయంత్రానికి స్వెట్టరు. వానలు పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసే రోజులు. ఏ రోజు కప్పు విప్పమంటావని బావమరిది అడిగితే, గురువారం మధ్యాహ్నం దాకా పొడి, ఖాయం అన్నాడు ఖాయంగారు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆయన ఆఫీసుకి వెళ్లి గాజుపెట్టెలోకి చూశాడు. అందులో తిరిగే డబ్బాకి చుట్టిన కాగితం మీద పెన్ను గాలి ఒత్తిడిని గీతగా గీస్తుంది. ఊదారంగు గీత ఆరింటి దాకా బుద్ధిగా నడిచి, అక్కణ్నుంచి మెట్లు దిగినట్టు కిందికి పడింది. మధ్యాహ్నం కాదు, రెండు మూడు గంటల్లోనే గాలివాన. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు అంకెలు నొక్కి పెట్టేశాడు. మాట వెనక్కి తీసుకుంటే బావమరిది నవ్వుతాడేమో అనిపించింది. కాఫీ తెప్పించుకున్నాడు.

పదకొండు దాటగానే బావమరిది కప్పు విప్పిన ఇంటి మీద గాలి విరుచుకుపడింది. విప్పి పేర్చిన రేకుల్ని పేకముక్కల్లా లేపి వీధిలోకి విసిరింది. ఒకటి ఎదురింటి కిటికీని చీల్చుకుపోయింది. ఇంకొకటి దూలం మీద కూర్చుని తాడు బిగిస్తున్న ముసలి మేస్త్రిని ఛాతీ మీద కొట్టింది. ఆయన రెండంతస్తుల కింద సిమెంటు చప్టా మీద వెల్లకిలా పడ్డాడు. బావమరిది నిచ్చెన దిగి వచ్చేసరికి ఆయన చెవిలోంచి కారిన రక్తం వాననీళ్లతో కలిసి కాలవలోకి పోతోంది. ఆసుపత్రి గుమ్మంలోనే ప్రాణం పోయింది.

మూడింటికి బావమరిది సుత్తితో ఆఫీసుకి వచ్చాడు. ముందు తలుపు అద్దం పగిలింది, తర్వాత వాన కొలిచే గాజుజాడీ, తర్వాత కుర్చీ. రోజూ ధైర్యం గురించి ఉపన్యాసాలిచ్చే గుమాస్తా బల్ల కింద దూరాడు. ఖాయంగారి మూతి మీద పడిన మొదటి గుద్దుకి రెండు పళ్లు ఊడాయి. రెండో గుద్దుకి ఆయన గోడకి తగిలి జారాడు. బావమరిది కాలరు పట్టి ఈడ్చుకెళ్లి, మొహాన్ని గాజుపెట్టెకి అదిమాడు.

“ఈ గీత చూడు బావా. ఎప్పుడు పడింది?”

ఆ పెన్ను అప్పుడప్పుడూ జారడం మామూలే. జారిందని ఒక్క మాటంటే బల్ల కింద సాక్షి సిద్ధంగా ఉన్నాడు. ఖాయంగారు నోట్లో రక్తం మింగాడు. ఈ అబద్ధం ఒక్కటి చెబితే బతికిపోతానని ఆయనకి తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

“పొద్దున్నే పడింది. ఎనిమిదింటికి చూశాను. ఫోను తీసి పెట్టేశాను.”

“ఎందుకు?”

“ఖాయం అన్నాను కదరా.”

బావమరిది ఆయన కుడిచెయ్యి లాగి బల్ల మీద పరిచాడు. ఫోను పెట్టేసిన చెయ్యి అదే. సుత్తి మూడుసార్లు దిగింది. వేళ్ల ఎముకలు నలిగిన చప్పుడుకి బల్ల కింద గుమాస్తా ఏడ్చాడు. ఆ తర్వాత బావమరిది సుత్తి అక్కడే వదిలేసి, పగిలిన గాజుల మధ్య చతికిలబడి, మేస్త్రీ మేస్త్రీ అంటూ తల బాదుకున్నాడు.

పోలీసులకి చెబుదామా అని భార్య అడగలేదు. అటు తమ్ముడు, ఇటు మొగుడు, ముందు నుయ్యి వెనక గొయ్యి ఆమెకి. చెయ్యి తలుపు సందున పడిందని ఖాయంగారే డాక్టరుకి చెప్పాడు. డాక్టరు నమ్మక, ఖాయమేనా అన్నాడు. ఆయన తల ఊపాడు గానీ ఆ మాట మాత్రం నోట రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు సూచన ఎడమచేత్తో రాస్తాడు. అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. రోజూ ఎనిమిదింటికి గాజుపెట్టె చూసి బావమరిదికి ఫోన్ చేసి, నిన్న చెప్పింది ఇవాళ ఇలా మారింది అని చెబుతాడు. అటునుంచి ఒక్క మాట రాదు. కానీ మొదటి మోతకే ఫోనెత్తుతాడు, చివరిదాకా వింటాడు, అప్పుడు పెట్టేస్తాడు.