కుక్కకు గడి లేదు

తుపాను వస్తుందంటే అందరికీ గాలి భయం, నాకు కాగితం భయం. పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేరి ఇరవై ఏళ్ళు దాటింది. తోటపల్లి గూడూరు వైపు, సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరు నా బాధ్యత. హెచ్చరిక రాగానే, మెరక మీద స్తంభాలెత్తి కట్టిన తుపాను షెల్టర్ కింద పశువులకు చోటు చూడాలి, తుపాను నిధుల్లో వచ్చిన దాణా, మందులు పంచాలి, వచ్చిన ప్రతి జీవాన్నీ ఫారంలో ఎక్కించాలి. ఆవుకో గడి, గేదెకో గడి, గొర్రెకూ మేకకూ చెరొకటి. ఆఖరికి కోడికి కూడా గడి ఉంది. కుక్కకు లేదు. ఈ ఫారం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, ఆయన గుమ్మంలో ఏనాడూ కుక్క పడుకుని ఉండదు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉంది. భర్త సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. ఒక్కతే ఉంటూ, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకుంటుంది. అప్పట్లో ఆమె వెంట ఒక ఎర్రకుక్క ఉండేది. పొద్దున పడవలు ఒడ్డుకు రాకముందే అది వెళ్ళి ఇసుకలో కూర్చునేది. అవ్వ గంప నింపుకుని లేస్తే అదీ లేచేది. సాయంత్రం ఇద్దరూ ఒకే గుమ్మంలో చేపల పులుసన్నం తినేవాళ్ళు. దాని మెడకు తాడన్నది నేనెప్పుడూ చూడలేదు.

మూడేళ్ళ కిందటి తుపానుకు, మధ్యాహ్నం పూట, అవ్వ ఆ కుక్కతో షెల్టర్ మెట్ల దగ్గరకు వచ్చింది. జనం పైన, పశువులు కింద. కుక్కల్ని మాత్రం రానివ్వొద్దని, ఎవర్నయినా కరిస్తే ఎవడు జవాబు చెప్తాడని పై అధికారులు గట్టిగా చెప్పారు. నేనూ అదే అప్పజెప్పాను. అవ్వ వెనక్కి తిరిగింది. ఆ నడక చూడగానే ఇక రాదని తెలిసిపోయింది. పరిగెత్తి అడ్డం నిలబడ్డాను. బతిమాలాను, విసుక్కున్నాను, చివరికి అరిచాను కూడా. కుక్కను ఇంట్లో కట్టేసి రా, వదిలేస్తే నీ వెనకే వస్తుంది, రేపు పొద్దున్నే నేనే వచ్చి విప్పుతాను అన్నాను.

నాది కొడవలూరు పక్క వరిపొలాల ఊరు. వాన ముదిరితే పశువును కొట్టంలో కట్టేస్తాం, లోపలుంటే భద్రమని. నాకు తెలిసిందే చెప్పాను. అవ్వ నా మొహంలోకి కాసేపు చూసి, ఇంటికి పోయి, పాత వలతాడుతో కుక్కను గుంజకు కట్టి వచ్చింది.

ఆ వీధిలోకి ఉప్పునీళ్ళు నడుం లోతు వచ్చాయి. ఊళ్ళో వాళ్ళు వదిలేసి వచ్చిన కుక్కలన్నీ ఇసుకదిబ్బ ఎక్కి కూర్చుని, నీళ్ళు తీశాక తోకలూపుకుంటూ దిగి వచ్చాయి. అవ్వ కుక్క గుంజ దగ్గరే ఉంది. చెప్పిన మాట ప్రకారం పొద్దున్నే వెళ్ళాను. తడిసిన ముడి బిగుసుకుపోయి నా వేళ్ళకు లొంగలేదు. కత్తితో కోశాను.

అవ్వ ఏడవలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"గాలివానకి పడవని కట్టాల, పశువుని విప్పాల. మా రేవులో పసిబిడ్డకైనా తెలుసు అబ్బయా. నాకు మాత్రం తెలవదా? చదువుకున్నోడు చెప్తుండాడు గదా అని కట్టినా."

నష్టాలు రాసే ఫారంలో, చివరి ఖాళీలో, కుక్క ఒకటి అని రాశాను. ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కి పంపారు. అప్పట్నుంచి ఏటా అర్జీ పెడుతున్నాను. షెల్టర్ వెనక కుక్కలకూ పిల్లులకూ ఒక రేకుల షెడ్డు, నాలుగు పూటల తిండి, రేబిస్ టీకాలు, ఇంతే నేనడిగేది. ఏటా ఒకటే జవాబు: కుక్క పశుసంపద కిందికి రాదు, నిధులు లేవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆఫీసులో నాకు కుక్కల సారని పేరు పెట్టారు. మొదట్లో మండేది, ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు. అర్జీ మాత్రం మానలేదు.

ఈ ఏడు మళ్ళీ హెచ్చరిక వచ్చింది. అవ్వ దగ్గర ఇప్పుడొక నల్లకుక్క ఉంది, దానంతటది వచ్చి చేరింది. బండి మీద వెళ్ళేసరికి అవ్వ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తాను రానని, నన్ను పొమ్మని చెప్పింది. గొంతులో కోపమన్నది లేదు. అందుకే నాకు భయం వేసింది. అప్పటికే సముద్రం రంగు మారి ఉంది.

ఫారం తీసి, అవ్వ ఎదుటే, మేక గడిలో ఒకటి అని వేశాను. ఆమెకు చదువు రాదు. ఏం రాశావని అడిగింది. మేక అన్నాను. అవ్వ కుక్కను చూసింది, నన్ను చూసింది. కొంగు దులుపుకుని లేచింది.

షెల్టర్ కింద తనిఖీకి వచ్చినాయన మా మేకను చూశాడు, ఫారం చూశాడు, నా మొహం చూశాడు. ఆయనా అలసిపోయినట్టున్నాడు, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అసలు మేకల మధ్య బెదిరిపోయి కుక్క అటూ ఇటూ గుంజుతోంది. అవ్వ పైకెక్కే ముందు దాని మెడతాడు నా చేతికిచ్చింది. అలవాటు కొద్దీ నేను స్తంభం వైపు తిరిగాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"కట్టబాక అబ్బయా. పట్టుకో."

నీళ్ళు తీసేదాకా పట్టుకునే కూర్చున్నాను.