నేను విప్పి చూడాలనుకున్న ఇంజను

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ప్రొద్దుటూరులో నాకు కార్ల షెడ్డు ఉంది. పాత కారు కొనేవాళ్లు ముందు నా దగ్గరికి తెచ్చి చూపించుకుంటారు. పొడుగు స్క్రూడ్రైవర్ ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాను. లోపల ఏది అరిగిందో చెప్పేస్తాను. నా చెవి మీద నాకు మహా పొగరు.

ఓబులేసుది కొండాపురం దగ్గర పునరావాస కాలనీ. గొర్రెలు మేపుకునే మనిషి. పులివెందుల నుంచి ఎవరో అమ్మకానికి తెచ్చిన పాత డీజిల్ కారును, బాగా చవకగా వస్తోందని, నాకు చూపించడానికి తీసుకొచ్చాడు. స్టార్ట్ చేయించి విన్నాను. టక్ టక్‌మంటోంది. పైన టాపెట్లు వదులైతే అలాంటి శబ్దమే వస్తుంది, అది చిన్న పని. కింద బేరింగు అరిగినా అలాంటిదే వస్తుంది, అదైతే ఇంజను ఏ రోజైనా పట్టేసి నిలిచిపోతుంది. ఇది ఏది? ఒక్కో సిలిండరుకూ డీజిల్ ఆపి కూడా విన్నాను. ఛీ, తేలలేదు! కింద ఆయిలు ఉండే చాంబర్ విప్పితే నిమిషంలో తెలిసిపోతుంది. కొనకముందే విప్పనివ్వనన్నాడు అమ్మేవాడు.

“ఏంది మామా ఆ సద్దు?” అన్నాడు ఓబులేసు.

“టాపెట్లు లేప్పా. ఎప్పుడన్నా తీరిగ్గా రా, సరిజేస్తా.”

“మాయమ్మను వారానికి మూడు తూర్లు ఈడికి డయాలసిస్‌కు తేవల్ల. బస్సులో శానా అల్లాడుతాంది. దోవలో నిలబడిపోదు గదా?”

“యాడా నిలబడదు. తీసుకో పో.”

ఎందుకన్నాను ఆ మాట? అమ్మేవాడు నాకు చుట్టం కాదు, టీ కూడా పోయించలేదు. తెలియదని చెప్పడానికి నామోషీ, అది ఒకటి. కానీ ఇన్నేళ్లుగా తవ్వుకుంటూ పోతే దాని కింద ఇంకొకటి కనిపిస్తోంది. ఓబులేసు వద్దంటే ఆ కారు పులివెందులకు వెళ్లిపోతుంది, ఆ శబ్దం ఏమిటో నాకిక ఎప్పటికీ తెలియదు. అతను కొంటే ఎప్పుడో ఒకప్పుడు నా షెడ్డుకే వస్తుంది, విప్పి చూడొచ్చు. అంతే. నమ్ముతారా? నాకే నమ్మబుద్ధి కాదు.

టాపెట్లకు అతను రాలేదు. ఇరవై రోజులకు, జమ్మలమడుగు దాటాక, తల్లి లోపల ఉండగానే కారు నిలిచిపోయింది. ఎండలో గంటసేపు వచ్చేపోయే బండ్లకు చేతులు చాపి చాపి, చివరికి ఎవరిదో ఆటోలో ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. అప్పటికే ఆయాసం ముదిరి ఐసీయూలో పెట్టారు. మర్నాడు కారుకు తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చాడు.

కారు కిందికి దూరి చాంబర్ దించాను. బేరింగే! పైపూత అంతా అరిగి రాగి రంగు తేలింది. చెబితే అసహ్యించుకుంటారు, నాకు సంతోషం వేసింది. తేలిపోయింది కదా అని! నిద్ర లేని కళ్లతో ఆ మనిషి పక్కనే నిలబడి ఉంటే, నేను కింద పడుకుని ఆ ముక్కను వేళ్లతో తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.

“ఏమైంది మామా?”

బయటికొచ్చి అతని ముఖం చూశాక భయం పట్టుకుంది.

“ఆయిల్ సూసుకోకుండా తోలినావు గదప్పా.”

“అయితే నేనే జేసినానా మామా?”

నేను మళ్లీ కారు కిందికి దూరాను.

నాలుగో రోజు ఆమె పోయింది. ఆ ఆలస్యం వల్లేనా? తెలియదు. డాక్టర్లను అడిగే ధైర్యం చేయలేదు. అన్నీ విప్పి చూడాలనుకునే నేను, అది ఒక్కటి మాత్రం విప్పలేదు. ఓబులేసుకైతే ఆలస్యం వల్లేనన్నదాంట్లో అనుమానమే లేదు. తనదే తప్పనుకుంటున్నాడు. ఎవరు కారు కొన్నా, “ఆయిల్ సూసుకోండప్పా, నేను సూసుకోక మాయమ్మను పోగొట్టుకున్న్యా” అని చెబుతాడు. ఒకసారి నా షెడ్డులోనే, నా ముందే, ఎవరితోనో అన్నాడు. నేను తల వంచుకుని నట్లు బిగిస్తూ కూర్చున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడిగితే అతన్నే అడగాలి. ఆ దమ్ము నాకింకా రాలేదు. కానీ ఈ ఒక్క ముక్క ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ రోజు చాంబర్ విప్పకముందు ఆయిలును డబ్బాలోకి దించింది నేనే. ఒక్క చుక్క తక్కువ లేదు.