చెల్లని తేదీ

ఒక్క కామా తప్పిపోయినా పట్టేస్తుందని ఆ వార్తల ఆఫీసులో అందరూ ఆమెను కామాలమ్మ అనేవారు. పాఠకుల ఫోన్లకు వార్తల్ని చేరవేసే ఫీడ్‌ను పదకొండేళ్లుగా ఆమే కనిపెట్టుకుని ఉండేది. టైర్ల దుకాణం పైన మూడు గదుల ఆఫీసు. కింద గాలి కొట్టే యంత్రం ఆడినప్పుడల్లా ఆమె బల్ల సన్నగా వణికేది.

ఆ సోమవారం పొద్దున వచ్చేసరికి ఫీడ్ ఆగిపోయి ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఒక్క వార్తా ఎవరికీ చేరలేదు. సంపాదకుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆమె ఫీడ్‌ను తప్పులు వెతికే ప్రోగ్రాముకు అప్పగించింది. నాలుగు వందల పన్నెండో వరుసలో తేదీ చెల్లదని చూపించిందది. అక్కడ నెల పేరు తెలుగులో ఉంది, ‘జూన్’ అని. ఆ చోట తేదీని కంప్యూటరే ఎప్పుడూ ఇంగ్లిషులో వేసుకుంటుంది. అంటే ఎవరో చేత్తో కొట్టారు.

అది పాత వార్త. కొత్త వంతెన రెయిలింగు ఊడి ముగ్గురు గాయపడిన సంగతి. వంతెన గట్టిగా ఉందని సంతకం పెట్టిన ఇంజినీరు పేరున్న వాక్యం ఇప్పుడందులో లేదు. ఆదివారం మధ్యాహ్నం మార్చి, అది బయటపడకుండా పాత తేదీని చేత్తో వేశారు. మార్చినవారి పేరు చూస్తే తనదే!

ఆమె పాస్‌వర్డ్ ఇంకొక్కరికే తెలుసు, వార్తల విభాగం పెద్దావిడకు. పోయిన నెల తన భర్తకు ఆపరేషనైనప్పుడు, తన పని చూసిపెట్టమని కామాలమ్మే దాన్ని చెప్పింది. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ‘వదినా’ అని పిలుచుకునేవారు. ఆ ఇంజినీరు ఆ వదిన భర్త.

ఏదో పొరపాటై ఉంటుందిలే అనుకుంటూనే సంపాదకుడి గదికి వెళ్లింది. వదిన అప్పటికే అక్కడుంది.

“తనే ఏదో కెలికుంటుందండీ. ఇంట్లో ఆయనకి బాగోలేక, పాపం, మనసు పనిమీద ఉండట్లేదు” అంటోంది.

కామాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆసుపత్రి వరండాలో తను ఏడుస్తూ వదినకు చెప్పుకున్న మాటలవి. తన పేరు వాడుకున్నదానికన్నా అవే ఎక్కువ కోశాయి.

“నిన్న ఆయనకి కట్టు మార్పించడానికి తీసుకెళ్లానండీ. మార్పు జరిగింది వదిన కంప్యూటర్లోంచి. మీరే చూడండి” అంది.

సంపాదకుడు తెర మీద అది చూశాడు. “సరే, తేదీ సరిచేసి వదిలెయ్. రచ్చ చెయ్యకు.”

ఆమె తేదీ సరిచేసింది. తీసేసిన వాక్యాన్నీ మళ్లీ పెట్టింది. “అది తియ్యాలంటే మీ పేరుతో మీరే తియ్యండి” అంది. ఆయన తియ్యలేదు. పదింటికి ఫీడ్ కదిలింది.

మెట్ల దగ్గర వదిన చెయ్యి పట్టుకుంది. “నీకూ మొగుడున్నాడు కదే! నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?”

“అదే చేసేదాన్నేమో. ఆ తప్పు నీ నెత్తిన మాత్రం పెట్టేదాన్ని కాదు.”

వదిన ఉద్యోగం పోలేదు. బల్లలు కూడా మారలేదు. ఫీడ్‌లో తప్పొచ్చినప్పుడల్లా కామాలమ్మ ఆ బల్ల దగ్గరికే వెళ్లి, “ఏవండీ, మీ వార్త ఓసారి చూసుకోండి” అనేది. అలా ‘అండీ’ అన్న ప్రతిసారీ ఆమెకే నోరు చేదయ్యేది. అయినా మానలేదు.