హాజరు పట్టీలో అక్క పేరు

నాకు చదువు చెప్పిన అయ్యవారు పోయారని గుత్తి బస్సు కండక్టరు మా బడి ముందు దిగి చెప్పిపోయాడు. ఆ పూట నేను పిల్లలకు పాఠం చెప్పలేకపోయాను. ఆయన లేకుంటే నేను పాఠం చెప్పే మనిషినే కాను.

నా చిన్నప్పుడు రెండేళ్లు వరసగా వానలు లేవు. జనం పిల్లల్ని వెంటబెట్టుకుని బళ్లారి వైపు పనులకు పోయారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన నాడు పిల్లలు తక్కువైతే బడి ఎత్తేస్తారు. అందుకని అయ్యవారు ఆ ఒక్క పూటకు చేలల్లోని పిల్లల్ని పిలుచుకొచ్చి, మొహాలు కడిగించి కూర్చోబెట్టేవారు. అలా అరువు తెచ్చిన పిల్లల్లో మా అక్క ఉంది, నేనూ ఉన్నాను.

“ఈరోజు ఏం నేర్చుకున్నావమ్మా?” అని ఇన్‌స్పెక్టరు అక్కను అడిగాడు.

“మొగం కడుక్కోమన్న్యారు సామీ, కడుక్కున్న్యా.”

ఆయన నవ్వాడు. చదువు నాసి అని రాసిపోయాడు. పిల్లల లెక్క మాత్రం సరిపోయి బడి నిలిచింది.

మర్నాడు అయ్యవారు మా చేనికే వచ్చారు. “పట్టీలో వీల్ల పేర్లు పెట్టి అబద్ధం రాసినానప్పా. దాన్ని నిజం చేద్దామని వచ్చినా. పిల్లోల్లను పంపు” అన్నారు నాయనతో.

“ఇద్దరూ బడికొస్తే మేం తినేదెట్లా సామీ?”

నాయన మాట పూర్తికాకముందే అక్క అంది: “చిన్నదాన్ని పిలుచుకపో అయ్యవారూ. దాని పని గూడా నేనే చేస్తా.”

నేను గంతులేస్తూ పోయాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అయ్యవారు ముక్కుపొడుం పీల్చి, చేతులు పంచెకు తుడుచుకుని హాజరు పిలిచేవారు. రోజూ అక్క పేరు పిలిచి, వాకిలి వైపు చూసి, కాసేపు ఆగి నా పేరు పిలిచేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “అక్క రాదు గదయ్యా?”

“నేను గూడా పిలిచేది మానేస్తే దాన్ని ఇంగెవురు పిలుస్తారే?” అన్నారు.

ఆ మాట ఇన్నేళ్లూ అక్కకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మొన్న అయ్యవారి కబురు పట్టుకుని మా ఊరికి పోయాను. అక్క ఎవరిదో వేరుశనగ చేనులో కలుపు తీస్తోంది. అయ్యవారు పోయిన సంగతీ, ఆ మాటా చెప్పాను.

“నన్నా? నా పేరా?”

“ఆ ఏడాదంతా పిలిచినాడక్కా.”

అక్క చేతిలోని కలుపు తొలిక కింద పెట్టింది. గట్టున ఉన్న కడవలో నీళ్లు దోసిట పోసుకుని మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకోకుండానే బడి ఉన్న దిక్కుకు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.